కొలిచి చెప్పిన మాట

రైలు మోడల్ కిట్ల సమీక్షల్లో తరచూ కనిపించే వాక్యం ఒకటుంది: “చిన్న చిన్న లోపాలున్నా మొత్తమ్మీద మంచి కిట్, తప్పక కొనండి.” ఇది చదివినవాడికి తెలిసేది ఏమీ లేదు. ఏమిటా లోపం? ఎంత చిన్నది? దిద్దుకోవచ్చా? దిద్దుకోవాలంటే ఒక సాయంత్రం చాలా, నెల్లాళ్లు పడుతుందా? ఇవేవీ చెప్పకుండా కొనమని చెప్పడం అంటే, మనకు తెలిసిన విషయాన్ని దాచి, అవతలివాడి చేత డబ్బు ఖర్చు పెట్టించడమే. హైదరాబాదులోనో విశాఖలోనో కూర్చుని ఇంగ్లండు నుంచి కిట్ తెప్పించుకునేవాడికి ధరతో పాటు తపాలా ఖర్చు, కస్టమ్స్ సుంకం కూడా ఉంటాయి. తిప్పి పంపడం దాదాపు కుదరని పని. డబ్బు కన్నా విలువైనది మరొకటి పెడతాడు. ఉద్యోగం నుంచి వచ్చి, పిల్లలు పడుకున్నాక, దీపం కింద కూర్చుని కట్టే రాత్రులు. ఆ రాత్రులకు మనం జవాబుదారులం.

ఈ అధ్యాయం లోపాలున్న కిట్ గురించి నిజం ఎలా చెప్పాలో నేర్చుకోవడానికి. నిజం చెప్పే ధైర్యం ఎక్కడినుంచో ఊడిపడదు. కొలిచే అలవాటు నుంచి వస్తుంది. చేతిలో కొలత ఉన్న మనిషికి గొంతు పెంచాల్సిన పని ఉండదు, గొంతు దాచుకోవాల్సిన పనీ ఉండదు.

మొహమాటం ఎక్కడ మర్యాద, ఎక్కడ కాదు

పెళ్లి భోజనం అయ్యాక పెళ్లికూతురి తండ్రి దగ్గరికి వచ్చి “ఎలా ఉందండీ?” అని అడిగితే, పులుసులో ఉప్పు ఎక్కువైందని ఎవరం చెప్పం. చెప్పకపోవడమే మర్యాద. ఆ పులుసును మన తరవాత ఎవరూ మన మాట నమ్మి డబ్బిచ్చి కొనుక్కోరు. కిట్ సంగతి వేరు. సమీక్ష రాసేది తయారుచేసినవాడి కోసం కాదు, రేపు కొనబోయేవాడి కోసం. ఇద్దరిలో ఎవరికి రాస్తున్నామో మరిచిపోయిన క్షణాన మొహమాటం కలంలోకి దిగుతుంది.

ఈ రంగంలో మొహమాటానికి కారణాలు చాలా ఉన్నాయి. బ్రిటన్‌లో చాలా కిట్లు పెద్ద కంపెనీలు చేసేవి కావు. ఒక మనిషో, భార్యాభర్తలో నడిపే వ్యాపారాలు. ఆయనే పాత డ్రాయింగులు వెతుకుతాడు, ఆయనే కంప్యూటర్ మీద గీస్తాడు, ఇత్తడి రేకు మీద యాసిడ్‌తో చెక్కించుకొస్తాడు, ఆయనే సంచుల్లో నింపి, ఎగ్జిబిషన్‌లో బల్ల వెనక నిలబడి అమ్ముతాడు. మీరు ఆయనతో మాట్లాడి ఉంటారు. సమీక్ష కోసం కిట్ ఉచితంగా ఇచ్చి ఉంటాడు. పైగా మీకు ప్రాణమైన ఆ ఇంజన్‌కు ప్రపంచం మొత్తంలో ఉన్న కిట్ అదొక్కటే కావచ్చు. ఇన్ని కారణాలుండగా “కిటికీలు రెండు మి.మీ. కిందకి ఉన్నాయి” అని రాయడానికి చెయ్యి ఆడదు. ఇది అందరికీ జరిగేదే, సిగ్గుపడాల్సింది కాదు.

దీనికి అవతలి కొసన మరో జబ్బు ఉంది. తనకెంత తెలుసో చూపించుకోవడానికి కిట్‌ను చీల్చి చెండాడడం. రివెట్లు లెక్కపెట్టి, ఒకటి తగ్గిందని తయారీదారును అవమానించడం. చూడటానికి ఇది నిజాయితీలాగే ఉంటుంది. కానీ మెత్తగా దాటేసేవాడూ, కటువుగా చీల్చేవాడూ ఇద్దరూ కొనేవాడిని చూడటం లేదు. ఒకడు తన స్నేహాన్ని చూసుకుంటున్నాడు, మరొకడు తన పాండిత్యాన్ని.

ఏది తప్పు, ఏది హద్దు

సమీక్షకుడికి ముందుగా రావాల్సిన విద్య ఇదే. మోడల్‌లో కనిపించే ప్రతి తేడా తప్పు కాదు. కొన్ని ఆ స్కేలుకే ఉన్న హద్దులు, కొన్ని ఆ పదార్థానికున్న హద్దులు. మిగిలినవే తప్పులు.

బ్రిటిష్ మోడలర్లు ఎక్కువగా వాడే డబుల్-ఓ స్కేలునే తీసుకోండి. అసలు రైలులో ఒక అడుగు, మోడల్‌లో 4 మి.మీ. అంటే 76.2లో ఒక వంతు. ఆ లెక్కన 4 అడుగుల 8½ అంగుళాల అసలు గేజి (రెండు పట్టాల మధ్య దూరం), అంటే 1435 మి.మీ., మోడల్‌లో 18.83 మి.మీ. కావాలి. డబుల్-ఓ పట్టాల మధ్య దూరం మాత్రం 16.5 మి.మీ. నిజానికి అది హెచ్.ఓ. స్కేలు పట్టా. అందులో అడుక్కి 3.5 మి.మీ., 87లో ఒక వంతు. యూరప్‌లోని మిగతా దేశాల ఇంజన్లకన్నా బ్రిటిష్ ఇంజన్లు సన్నగా, పొట్టిగా ఉంటాయి. ఆ రోజుల్లో దొరికే మోటార్లు 3.5 మి.మీ. స్కేలు బ్రిటిష్ ఇంజన్ లోపల పట్టేవి కావు. అందుకని పై బాడీని 4 మి.మీ. స్కేలుకు పెంచి, కింద పట్టాను అలాగే ఉంచేశారు. 1938లో వచ్చిన హార్న్‌బీ డబ్లో రైళ్లు ఈ పద్ధతిని ఇళ్లకు చేర్చాయి. ఫలితంగా ప్రతి డబుల్-ఓ బండీ అసలుకన్నా దాదాపు 7 అంగుళాలు ఇరుకైన పట్టాల మీద నడుస్తున్నట్టే లెక్క. డబుల్-ఓ కిట్ సమీక్షలో “గేజి తప్పు” అని రాస్తే అది ఆ కిట్ మీద ఫిర్యాదు కాదు, ఎనభై ఏళ్ల పైబడిన ఒక రాజీ మీద ఫిర్యాదు. దానికి ఈ తయారీదారును బోనెక్కించకూడదు. గేజి సరిగ్గా కావాలనుకునేవాళ్లకు 18.2 మి.మీ. ఇ.ఎం., 18.83 మి.మీ. పి-ఫోర్ పద్ధతులు ఉన్నాయి. ఆ గేజిలకు సరిపడే చక్రాలు ఈ కిట్‌లో పడతాయా లేదా అన్న సంగతి రాస్తే అది పనికొచ్చే సమాచారం.

మన భారతీయ రైళ్లను మోడల్‌గా కట్టేవాళ్లకు ఈ లెక్క ఇంకా ముఖ్యం. మన బ్రాడ్ గేజి 1676 మి.మీ. హెచ్.ఓ. స్కేలులో అది 19.24 మి.మీ. కావాలి. కానీ బజారులో దొరికే పట్టా 16.5 మి.మీ. కాబట్టి ఎక్కువమంది దాని మీదే నడుపుకుంటారు. లాలాగూడ షెడ్డు వ్యాప్-7 ఇంజన్‌ను ఎంత శ్రద్ధగా చేసినా, ఎదురుగా నిలబడి చూస్తే పెద్ద ఒంటికి దగ్గర కాళ్లలా కనిపిస్తుంది. ఇది హద్దు. అదే కిట్ బాడీ పొడవు తగ్గితే అది తప్పు. ఉదాహరణకు, ఐ.సి.ఎఫ్. (ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) ప్రయాణికుల పెట్టె బాడీ పొడవు 21,337 మి.మీ., వెడల్పు 3,245 మి.మీ. హెచ్.ఓ.లో సుమారు 245 మి.మీ., 37 మి.మీ. రావాలి. కార్డుతో చేసినా, త్రీడీ ప్రింటర్‌తో చేసినా, ఆ రెండు అంకెలూ రాకపోవడానికి సాకు లేదు. మలుపు తిరగదని కావాలనే పొట్టిగా చేస్తే, ఆ ముక్క డబ్బా మీద రాయాలి. రాయకపోతే సమీక్షకుడు రాయాలి.

పదార్థానికీ హద్దులుంటాయి. డబుల్-ఓ ప్లాస్టిక్ వ్యాగన్ గోడ మందం 1 మి.మీ. అనుకోండి. అసలులో అది 76 మి.మీ., మూడంగుళాలు. ఏ బొగ్గు వ్యాగన్‌కూ మూడంగుళాల మందం ఉక్కు రేకు ఉండదు. అయినా ప్లాస్టిక్‌ను అంతకన్నా బాగా పల్చగా పోస్తే వంకర పోతుంది. ఆ మందం కనిపించకుండా పై అంచును లోపలివైపు నుంచి ఆకురాయితో పల్చన చేసుకోవడం మోడలర్లకు అలవాటే. ఇత్తడి రేకు కిట్‌లో ఈ ఇబ్బంది ఉండదు, కానీ చెక్కిన రేకు చదును. గుండ్రటి బఫర్లూ, యాక్సిల్ బాక్సులూ వేరేగా పోత పోసి ఇవ్వాల్సిందే. ఏ పదార్థం దేనికి పనికొస్తుందో తెలియకుండా రాసిన సమీక్ష తయారీదారుకు అన్యాయం చేస్తుంది.

తప్పుల్లోనూ రకాలున్నాయి. పరిశోధన సరిగ్గా చేయకపోవడం వల్ల వచ్చేవి: వేరే ఏడాది ఇంజన్ పొగగొట్టం, వేరే రకం తలుపు. అచ్చు చేసేటప్పుడు వచ్చేవి: అంచుల్లో పల్చగా పొంగిన అదనపు ప్లాస్టిక్, మందంగా ఉన్నచోట పడే గుంట, రెజిన్‌లో గాలి బుడగలు. జోడింపులో వచ్చేవి: నేల పలక గోడల మధ్య పట్టకపోవడం. చివరిది, చాలామంది తప్పు కింద లెక్కించనిది, సూచనల కాగితం. బొమ్మలో అయిదో నంబరు భాగం, జాబితాలో ఏడో నంబరైతే కొత్తగా నేర్చుకునేవాడు అక్కడే చేతులెత్తేస్తాడు. నా లెక్కలో చెడ్డ సూచనల కాగితం తగ్గిన రివెట్ కన్నా పెద్ద తప్పు.

కొలిచే పద్ధతి

పరికరాలు ఎక్కువ అక్కర్లేదు. ఒక వెర్నియర్ కాలిపర్, ఒక ఉక్కు స్కేలు, చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం చూసే గేజి. డబుల్-ఓలో ఈ దూరం దాదాపు 14.5 మి.మీ. ఉండాలి. తగ్గితే పట్టాలు చీలే పాయింట్ల దగ్గర బండి పట్టా తప్పుతుంది. అమెరికాలో 1935లో ఏర్పడిన ఎన్.ఎం.ఆర్.ఏ. సంస్థ పట్టాలనూ చక్రాలనూ ఒకే రేకుతో సరిచూసే గేజి అమ్ముతుంది. హెచ్.ఓ. మోడలర్ల దగ్గర అదొక్కటుంటే చాలావరకు పని జరుగుతుంది.

కొలతకు ఆధారం ఫొటో కాకూడదు, ఆ బండికి గీసిన డ్రాయింగు కావాలి. ఫొటోలో దూరమూ కోణమూ కలిసి కొలతను మార్చేస్తాయి. బ్రిటిష్ రైళ్లకు సంబంధించి యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియంలో ఇంజనీరింగ్ డ్రాయింగులు పెద్ద ఎత్తున భద్రపరిచారు. ఒక్కోసారి అసలు వస్తువే ఇంకా నిలబడి ఉంటుంది. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ తెచ్చిన సిగ్నల్ బాక్స్ ప్లాస్టిక్ కిట్‌కు నమూనా, ఇంగ్లండులోని రట్లండ్ జిల్లా ఓకమ్ ఊళ్లో లెవెల్ క్రాసింగ్ పక్కన మిడ్‌లాండ్ రైల్వే కట్టిన సిగ్నల్ బాక్సు. కిట్ వచ్చి ఆరు దశాబ్దాలు దాటింది, ఆ చెక్క గది మాత్రం చారిత్రక కట్టడంగా రక్షణ పొంది ఉంది. అలాంటి కిట్‌ను సమీక్షించేవాడు ఊహించుకోవాల్సింది ఏమీ ఉండదు.

ఒక ఉదాహరణ మొదటినుంచి చివరిదాకా చూద్దాం. బ్రిటిష్ రైల్వేలు బొగ్గు మొయ్యడానికి లక్షల సంఖ్యలో నడిపిన 16 టన్నుల ఉక్కు వ్యాగన్. దాని అడుగు చట్రం పొడవు 16½ అడుగులు, రెండు యాక్సిళ్ల మధ్య దూరం 9 అడుగులు, చక్రం వ్యాసం 3 అడుగుల 1½ అంగుళాలు. డబుల్-ఓలో ఇవి 66, 36, 12.5 మి.మీ. ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద ముందే రాసి పెట్టుకోండి. తరవాతే డబ్బా తెరవండి. తెరిచి చూశాక అంకెలు వెతికితే, నచ్చిన కిట్‌కు అనుకూలంగా కళ్లు మోసం చేస్తాయి.

భాగాలను జిగురు పెట్టకముందు కొలవండి. కట్టాక మళ్లీ కొలవండి. యాక్సిళ్ల మధ్య 36 బదులు 34.8 మి.మీ. వచ్చిందనుకోండి. తేడా 1.2 మి.మీ. అసలులో మూడున్నర అంగుళాల పైచిలుకు. ఇప్పుడే తప్పని రాసెయ్యకండి. ముందు మీ చేతి తప్పా అని చూడాలి, అందుకే జిగురుకు ముందు తీసుకున్న కొలత కావాలి. తరవాత, తయారీదారు వేరే రకం వ్యాగన్‌ను చేశాడేమో చూడాలి. ఈ 16 టన్నుల వ్యాగన్లలో వెల్డింగు చేసినవి, రివెట్లు కొట్టినవి, పక్కలు ఏటవాలుగా ఉన్నవి, ఫ్రాన్స్‌లో తిరిగి బ్రిటన్‌కు వెనక్కి వచ్చినవి, ఇలా ఎన్నో రకాలున్నాయి. మనకు తెలిసిన రకం కానంత మాత్రాన తప్పు కాదు. ఇంత చూశాక కూడా అంకె కలవకపోతే, ఇక అది తప్పే. ఒకే చట్రానికి అచ్చు చేసుకుని, పొడవు సరిపోని నాలుగు రకాల వ్యాగన్ల కిందా దాన్నే పెట్టడం ఈ వ్యాపారంలో పాత అలవాటు. ఖర్చు తగ్గించుకోవడానికి చేసే ఈ పనిని కొనేవాడికి చెప్పి తీరాలి.

కట్టకుండా రాయొద్దు

డబ్బా మూత తీసి, భాగాలు చూసి, “చక్కటి అచ్చు, స్పష్టమైన వివరాలు” అని రాసే సమీక్షలు చాలా వస్తాయి. నా దృష్టిలో అది సమీక్ష కాదు, పరిచయం. పరిచయం రాయడంలో తప్పులేదు, కానీ దాన్ని పరిచయం అనే పిలవాలి. కిట్ అంటే కట్టాల్సిన వస్తువు. దాని గుణం కట్టేటప్పుడే బయటపడుతుంది.

కడితే తెలిసేవి చూడండి. యాక్సిల్ కొనలు సూదిగా ఉండి రెండువైపులా గుంటల్లో తిరగాలి. 4 మి.మీ. స్కేలులో ఆ యాక్సిల్ పొడవు మామూలుగా 26 మి.మీ. నేల పలక అర మి.మీ. ఎక్కువ వెడల్పుంటే గోడలు విచ్చుకుని యాక్సిల్ ఊడిపడుతుంది. తక్కువుంటే చక్రం బిగుసుకుంటుంది. భాగాలు డబ్బాలో ఉండగా ఇది ఏ కంటికీ కనిపించదు. ఇత్తడి కిట్‌లో మడత వెయ్యాల్సిన గీత తగినంత లోతుగా చెక్కకపోతే రేకు గీత వెంట కాకుండా పక్కన వంగుతుంది. వంగిన రేకును చదును చేసినా గుర్తు పోదు. వైట్‌మెటల్ అనే మెత్తటి తగరపు మిశ్రమంతో పోసిన భాగాలకు మామూలు టంకం వేడి తగిలితే అవి కరిగి ముద్దవుతాయి. వాటికి 70 డిగ్రీల దగ్గర కరిగే ప్రత్యేకమైన టంకం కావాలి. ఈ మాట సూచనల కాగితంలో ఉందా? లేకపోతే సమీక్షలో పెద్ద అక్షరాలతో ఉండాలి.

నా బల్ల మీదికి ఒకసారి ఒక చిన్న తయారీదారు ఇత్తడి వ్యాగన్ వచ్చింది. రేకు మీద చెక్కుడు పని కళ్లకద్దుకోవాల్సినంత బాగుంది. సూచనల్లో చెప్పిన వరసలో కడితే మాత్రం బ్రేకు మీటలు పెట్టే వేళకు వాటి వెనక టంకం ఇనుము చేరే సందు లేకుండా పోయింది. వరస తిరగేసి, మీటలు ముందు పెట్టి తరవాత పక్కలు అతికితే ఏ ఇబ్బందీ లేదు. కట్టనివాడు ఆ కిట్‌ను ఆకాశానికెత్తేవాడే. కట్టి విసిగిపోయినవాడు నేలకేసి కొట్టేవాడు. వరస మార్చి కట్టమని ఒక్క వాక్యం రాస్తే కొన్నవాళ్లందరికీ మంచి వ్యాగన్ మిగిలింది. సమీక్ష చేసే మేలు ఇలాంటిదే.

కట్టడంతో సరిపోదు, నడపాలి. అమెరికాలో 1934లో మొదలైన మోడల్ రైల్‌రోడర్ పత్రిక ఇంజన్ల సమీక్షల్లో అందం గురించి చెప్పి ఊరుకోలేదు. ఎంత బరువు లాగుతుంది, ఎంత నెమ్మదిగా నడవగలదు అన్నవి కొలిచి అంకెల్లో ఇచ్చే పద్ధతి పెట్టుకుంది. దాని వల్ల ఎక్కడో వేల మైళ్ల దూరంలో ఉన్న పాఠకుడు కూడా తన ఇంట్లోని ఇంజన్‌తో పోల్చి చూసుకోగలిగాడు. ఆ పద్ధతిని మనం నిస్సంకోచంగా అలవరచుకోవచ్చు.

కొన్ని లోపాలకు కాలం పడుతుంది. జింక్ మిశ్రమంతో పోసిన చట్రాల్లో సీసం లాంటి మలినం కొద్దిగా కలిసినా, కొన్నేళ్లకు లోహం లోపలినుంచి ఉబ్బి, పగుళ్లిచ్చి, పొడి రాలుతుంది. పాత బొమ్మ రైళ్లు సేకరించేవాళ్లకు ఇది బాగా తెలిసిన బాధ. కొత్త కిట్ కట్టిన వారంలో ఎవరూ దీన్ని కనిపెట్టలేరు. రెజిన్ బాడీలు ఎండ తగిలే చోట వంకర పోవడం కూడా అంతే. అందుకే మంచి సమీక్షకుడు కట్టిన వస్తువును పారెయ్యడు. ఏళ్లు గడిచాక తీసి చూసి, పాత సమీక్షకు తేదీ వేసి నాలుగు మాటలు చేరుస్తాడు. ఈ పని చేసేవాళ్లు చాలా తక్కువ. మీరు చేయండి.

వాక్యం ఎలా ఉండాలి

లోపం గురించి రాసే ప్రతి చోటా నాలుగు సంగతులు రావాలి. ఏమిటి, ఎంత, కంటికి కనిపిస్తుందా, దిద్దుకోవచ్చా. మనం చూసిన వ్యాగన్‌కు ఇలా రాయొచ్చు:

“యాక్సిళ్ల మధ్య దూరం 34.8 మి.మీ. వచ్చింది, 36 ఉండాలి. విడిగా చూస్తే తెలియదు. సరైన కొలత ఉన్న వ్యాగన్‌తో జతచేస్తే తెలుస్తుంది. పొడుగు దూలాలు కోసి ముక్క కలిపితే తప్ప దిద్దలేం, అది కొత్తవాళ్లు చేయగలిగే పని కాదు. బాడీ పొడవు, ఎత్తు, తలుపులు డ్రాయింగుతో సరిపోయాయి. రైలు మధ్యలో కలిపి నడుపుకునేవాళ్లు ధైర్యంగా కొనొచ్చు. కొలత ముఖ్యమనుకునేవాళ్లు వేరే చట్రం కొనుక్కుని ఈ బాడీని దాని మీద పెట్టుకోవాలి.”

ఇందులో నింద లేదు, పొగడ్త లేదు. అయినా ఎవరు కొనాలో ఎవరు కొనకూడదో తేలిపోయింది. తయారీదారు చదివినా జవాబు చెప్పగలడు: అంకె ఒప్పుకోవచ్చు, లేదా తన డ్రాయింగు చూపించి కాదనొచ్చు. “చట్రం చెత్తగా ఉంది” అని రాసి ఉంటే ఆయన చేయగలిగింది బాధపడడం ఒక్కటే.

లోపాలన్నిటినీ ఒకే బరువుతో రాయకండి. తగ్గిన రివెట్లను రెజిన్ చుక్కల స్టిక్కర్లతో పెట్టుకోవచ్చు. తలుపు గొళ్లెం సన్నటి తీగతో చేసుకోవచ్చు. ఆవిరి ఇంజన్ బాయిలర్ వ్యాసం తప్పితే మాత్రం ఎంత పుట్టీ పెట్టినా, ఎంత రంగు వేసినా ఆ ముఖం ఎప్పటికీ ఆ ఇంజన్ ముఖం కాదు. అలాంటి తప్పు ఉంటే మొదటి పేరాలోనే రాయండి. నాలుగో పేజీలో, పొగడ్తల మధ్య దాచిన నిజం చెప్పనట్టే లెక్క.

బాగున్నదాన్ని కూడా కొలిచే చెప్పండి. “అద్భుతం” అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. “బాడీ అతుకులు పుట్టీ అవసరం లేకుండా కలిశాయి” అంటే దాన్ని చేసినవాడి కష్టానికి తగిన గౌరవం దక్కుతుంది.

చేసినవాడితో మన బాధ్యత

పెద్ద తప్పు కనిపించినప్పుడు అచ్చుకు పంపేముందు తయారీదారుకు ఒక ఉత్తరం రాయండి. కొలతలు, ఫొటోలు జతచేయండి. మీకు వచ్చిన ఒక్క డబ్బాలోనే భాగం వంకరగా ఉందా, అన్నిట్లోనూ అంతేనా అన్నది ఆయనకే తెలుసు. ఆయన జవాబును సమీక్షలో ఆయన మాటల్లోనే ఇవ్వండి. తరవాతి విడతలో దిద్దితే, దిద్దారని అంతే స్పష్టంగా రాయండి. సమీక్షను మాత్రం ముందుగా చూపించి అనుమతి తీసుకోకండి. ప్రశ్న అడగడం న్యాయం, సంతకం పెట్టించుకోవడం కాదు.

చిన్న తయారీదారులు కదా, కొంచెం చూసీచూడనట్టు పోవాలని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. స్కేలు అందరికీ ఒకటే. మారాల్సింది మాట తీరు, పక్కన చేర్చే సందర్భం. ఉదాహరణకు, రోజ్‌బడ్ అనే బొమ్మల కంపెనీ 1959లో కిట్‌మాస్టర్ పేరుతో తెచ్చిన రైలు కిట్ల అచ్చులు 1962లో ఎయిర్‌ఫిక్స్ చేతికి పోయాయి, వాటిలో మిగిలినవి 1980లలో డాపోల్‌కు చేరాయి. అలాంటి పాత అచ్చులో పోసిన కిట్‌ను ఈరోజు కొంటే అంచుల్లో అదనపు ప్లాస్టిక్ కనిపించడం సహజం, తక్కువ ధరకూ అదే కారణం. ఈ చరిత్ర చెబితే పాఠకుడు తానే తూచుకుంటాడు. తప్పు ఉందన్న మాటను మాత్రం మింగకూడదు.

కిట్ ఉచితంగా వచ్చి ఉంటే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పండి. ఇది ఇప్పుడు మర్యాదతో ఆగిపోయే విషయం కాదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లోనే ఉచితంగా వస్తువు తీసుకుని దాన్ని మెచ్చుకునేవాళ్లు ఆ విషయం బయటపెట్టాలని మార్గదర్శకాల్లో చేర్చింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో తప్పుదోవ పట్టించే ప్రకటనలపై, వాటిలో వస్తువును సమర్థించేవాళ్లపై మార్గదర్శకాలు తెచ్చింది. అదే ఏడాది నవంబరులో వినియోగదారుల సమీక్షలకు ఐ.ఎస్. 19000 అనే ప్రమాణం వచ్చింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, డబ్బు పెట్టి కొన్నవాడి కంటికీ ఉచితంగా అందుకున్నవాడి కంటికీ తేడా ఉంటుందని పాఠకుడికి తెలుసు. దాన్ని మీరే చెబితే మీ మిగతా మాటలు నమ్ముతాడు.

ఈ అలవాటు పని బల్ల దగ్గరే ఆగిపోదని నా అనుభవం. “మీ రిపోర్టు బాగాలేదు” అనే బదులు “మూడో పట్టికలో మొత్తం కలవలేదు, ఇదిగో తేడా” అని చెప్పగలిగిన అధికారి దగ్గర పనిచేసేవాళ్లు భయపడరు, నేర్చుకుంటారు. ఇంట్లో పిల్లల లెక్కల పుస్తకం చూసేటప్పుడూ అంతే. తప్పు ఎంతో, ఎక్కడో, ఎలా దిద్దుకోవాలో చెప్పేవాడి మాట ఎవరినీ నొప్పించదని కాదు. కాస్త నొప్పించినా పనికొస్తుంది, అవతలివాళ్లు మళ్లీ మన దగ్గరికే వస్తారు.

ఇక మీ వంతు. మీ అలమరాలో కట్టి పూర్తిచేసిన కిట్ ఒకటి ఉంటుంది, మీకు బాగా ఇష్టమైనది. దాన్నే తీయండి. దాని అసలు బండి డ్రాయింగు సంపాదించి, పొడవు, వెడల్పు, చక్రాల మధ్య దూరం కాగితం మీద రాసుకోండి. కాలిపర్‌తో కొలవండి. తేడాలన్నిటినీ నాలుగు సంగతులతో రాయండి. ఎవరు కొనొచ్చో, ఎవరు కొనకూడదో చివర చెప్పండి. దాని మీద మీ పేరు పెట్టండి. తయారుచేసినవారికి కొలతలు పంపి, తరవాతే అచ్చుకివ్వండి.